‘లైఫ్ ఆఫ్ బ్రియాన్’ చూసినవారు రెండు వర్గాలుగా ఎందుకు చీలిపోతారు?

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నంతలో ఇలా చెప్పుకోవచ్చు. బ్రిటన్‌కు చెందిన మాంటీ పైథాన్ హాస్య బృందం 1979లో విడుదల చేసిన ‘లైఫ్ ఆఫ్ బ్రియాన్’ గురించి మీరు చాలామంది అభిప్రాయాలు చదివారు. కొందరు దాన్ని ప్రపంచంలోని గొప్ప హాస్య చిత్రాలలో ఒకటి అన్నారు, మరికొందరు అది క్రీస్తును అవమానించిన చిత్రమని తేల్చేశారు. మీ తండ్రిగారు క్రైస్తవ సంఘపెద్ద, మీకు సినిమాలంటే ఇష్టం. ఎవరి మాట నమ్మాలో, ఇలాంటి సినిమా గురించి మన చట్టం ఏమంటుందో, దీన్ని ఆయనతో కలిసి చూడవచ్చో లేదో చెప్పమని అడిగారు. కోస్తాలోని ఒక పట్టణంలో ఫిల్మ్ సొసైటీ నిర్వహణలో నేను పాతికేళ్ళు గడిపాను. ఈ సినిమాను మూడుసార్లు ప్రదర్శించి, మూడుసార్లూ తర్వాతి చర్చలో కూర్చున్నాను. ఆ అనుభవంతోను, ఈ సినిమా చుట్టూ జరిగిన వాదాన్ని ఏళ్ళ తరబడి చదివిన పరిచయంతోను ఈ సమాధానం రాస్తున్నాను.

ముందుగా ఒక మాట. భక్తులందరూ ఈ సినిమాను ద్వేషిస్తారు, నాస్తికులందరూ మెచ్చుకుంటారు అన్న లెక్క తప్పు. నేను చూసినంతలో అభిప్రాయాలు చీలేది ప్రేక్షకుడికి నమ్మకం ఉందా లేదా అన్నచోట కాదు. తెర మీద నవ్వు ఎవరి మీద పడుతోందని ఆ ప్రేక్షకుడు భావించాడో అక్కడ చీలతాయి. సినిమాలో దాదాపు తొంభై పాళ్ళు ఆ నవ్వు ఎవరి మీద పడుతోందో స్పష్టంగానే ఉంటుంది. మిగిలిన భాగంలో, అంటే ముగింపులో, అంత స్పష్టంగా ఉండదు. గొడవ అంతా అక్కడే.

కథ తెలియనివారి కోసం క్లుప్తంగా చెబుతాను. యేసు పుట్టిన రాత్రే పక్క పశువుల పాకలో బ్రియాన్ అనే మరో శిశువు పుడతాడు. తూర్పు దేశపు జ్ఞానులు ముందు పొరపాటున ఇక్కడికే వచ్చి కానుకలు సమర్పిస్తారు. కాసేపటికి తప్పు తెలుసుకొని తిరిగి వచ్చి, ఆ కానుకలు లాక్కొని, వెలుగుతో నిండిన అవతలి పాకకు వెళ్ళి మోకరిస్తారు. బ్రియాన్ పెద్దవాడై, రోమన్ పాలనను వ్యతిరేకించే ఒక చిన్న విప్లవ బృందంలో చేరతాడు. సైనికుల నుంచి తప్పించుకోవడానికి బోధకుడిలా నటించాల్సి వస్తుంది. విన్న జనం అతడే మెస్సీయ, అంటే దేవుడు పంపిన రక్షకుడు, అని పట్టుబడతారు. తాను కానని ఎంత మొత్తుకున్నా వినరు. చివరకు రోమన్లు అతణ్ణి సిలువ వేస్తారు, ఎవరూ రక్షించరు.

అవమానం జరిగిందా లేదా అని తేల్చాలనుకునేవారు సినిమా మొదటి పావుగంటను శ్రద్ధగా చూడాలి. జ్ఞానులు మోకరించే అసలు పాకను దర్శకుడు టెర్రీ జోన్స్ ఏ వెక్కిరింతా లేకుండా చూపించాడు. ఆ వెంటనే వచ్చేది కొండమీది ప్రసంగం. అక్కడ కెనెత్ కాలీ అనే నటుడు క్రీస్తుగా గంభీరంగా కనిపించి, ‘ధన్యులు’ అంటూ సాగే ధన్యతల వాక్యాలను ఉన్నవి ఉన్నట్టుగానే చెబుతాడు. కెమెరా మెల్లగా వెనక్కి జరిగి గుంపు చివరన నిలబడినవారి దగ్గర ఆగినప్పుడు మాత్రమే హాస్యం మొదలవుతుంది. దూరం వల్ల వారికి మాటలు సరిగ్గా వినబడవు. ‘సమాధానపరచువారు ధన్యులు’ అన్న వాక్యం, ఇంగ్లీషులోని శబ్దసామ్యం వల్ల, ‘జున్ను తయారుచేసేవారు ధన్యులు’ అన్నట్టు వినబడుతుంది. అది విన్న ఒక పెద్దమనిషి, దీన్ని అక్షరాలా తీసుకోకూడదని, పాల ఉత్పత్తులు తయారుచేసే వారందరికీ ఇది వర్తిస్తుందని వ్యాఖ్యానం చెబుతాడు. అవతల శాంతి గురించిన ప్రసంగం సాగుతుండగానే ఇవతల విననివారు ముక్కు గురించి మాటామాటా అనుకొని కొట్టుకుంటారు. బోధ సరిగా వినకుండానే భాష్యం చెప్పేవారి మీద ఇంతకంటే సూటి విమర్శ నేను సినిమాలలో చూడలేదు. మా చర్చలలో ఈ దృశ్యాన్ని అందరికంటే ముందు అర్థం చేసుకున్నది చర్చికి వెళ్ళేవారే. ‘సమాధానపరచువారు’ అన్న మాట వారికి కంఠతా వచ్చు, అది ఎలా వక్రమైందో మరొకరు చెప్పనవసరం లేకుండానే వారికి తెలుస్తుంది.

ఈ మొదటి పావుగంటకు చరిత్రలోనూ ఒక ప్రాధాన్యం ఉంది. 1979 నవంబరు 9న బీబీసీలో టిమ్ రైస్ నిర్వహించిన చర్చలో ఒకవైపు పైథాన్ బృందంలోని జాన్ క్లీస్, మైకేల్ పాలిన్ కూర్చున్నారు, మరోవైపు పత్రికా రచయిత మాల్కమ్ మగ్గరిడ్జ్, సదర్క్ బిషప్ మెర్విన్ స్టాక్‌వుడ్ కూర్చున్నారు. మదర్ థెరిసా సేవను 1969లో బీబీసీ డాక్యుమెంటరీ ద్వారా ప్రపంచానికి పరిచయం చేసిన మగ్గరిడ్జ్ ఈయనే. ఆయన విశ్వాసంలోని నిజాయితీని శంకించనవసరం లేదు. అయితే ఆయన, బిషప్ ఇద్దరూ సినిమా ప్రదర్శనకు ఆలస్యంగా వచ్చి ఆరంభం చూడలేదన్న సంగతి తర్వాత బయటపడింది. అంటే, క్రీస్తు వేరు, బ్రియాన్ వేరు అని సినిమా స్పష్టంగా చెప్పిన భాగమే వారి కళ్ళ ముందుకు రాలేదు. బ్రియానే క్రీస్తుకు మారుపేరన్న భావనతోనే వారు వాదించారు. చివర్లో బిషప్, మీకు మీ ముప్పై వెండి నాణేలు దక్కుతాయి అనే అర్థంలో ఎదుటివారిని, డబ్బుకు క్రీస్తును పట్టించిన శిష్యుడు యూదాతో పోల్చారు. ఆ రికార్డింగు ఇప్పటికీ దొరుకుతుంది. అభిప్రాయాల గురించి తెలుసుకోవాలనుకునేవారు సినిమాతో పాటు దాన్నీ చూడాలి. ఆ కార్యక్రమంలో సాధారణంగా నవ్వుతూ కనిపించే పాలిన్ ముఖంలో కోపం దాగదు. కష్టపడి రాసినదాన్ని అర్థం చేసుకోకుండా తీర్పు చెబుతున్నారన్న బాధ అది. అలాగని పెద్దలిద్దరి బాధనూ తక్కువ చేయలేను. సిలువను చూపించే చివరి భాగం వారు చూశారు.

ఆనాటి వాతావరణం తెలియకపోతే ఈ ఘర్షణ అర్థం కాదు. 1977లోనే మేరీ వైట్‌హౌస్ అనే ఉద్యమకారిణి వేసిన కేసులో ఒక పత్రిక సంపాదకుడికి దైవదూషణ నేరం కింద శిక్ష పడింది. ఇంగ్లండులో ఆ చట్టం 2008లో గానీ రద్దు కాలేదు. పెట్టుబడి పెడతానన్న ఈఎంఐ అనే సినిమా సంస్థ అధినేత బెర్నార్డ్ డెల్ఫాంట్ స్క్రిప్టు చదివి వెనక్కి తగ్గాడు. అప్పుడు బీటిల్స్ బృందంలోని జార్జ్ హారిసన్ తన ఇంటిని తాకట్టు పెట్టి, కొత్త నిర్మాణ సంస్థను స్థాపించి సినిమాను నిలబెట్టాడు. అలా చేయడానికి ఆయన చెప్పిన కారణం ఒక్కటే: ఆ సినిమా తనకు చూడాలని ఉందట. మన ప్రేక్షకులు గమనించదగిన విషయం ఇక్కడ ఒకటుంది. హారిసన్ కృష్ణభక్తుడు. లండన్ దగ్గరి పెద్ద భవనాన్ని 1973లో ఇస్కాన్‌కు దానమిచ్చిన వ్యక్తి. మతాన్ని ద్వేషించేవారు తీసిన సినిమా అని దీన్ని తోసిపుచ్చేవారు, దీనికి ప్రాణం పోసినవాడు జపమాల తిప్పేవాడన్న సంగతిని లెక్కలోకి తీసుకోవాలి.

విడుదలయ్యాక బ్రిటన్‌లో 39 స్థానిక మండళ్ళు సినిమాను నిషేధించాయి లేదా పెద్దలకు మాత్రమే అన్న కట్టుబాటు పెట్టాయి. వాటిలో కొన్నింటి పరిధిలో సినిమా హాలే లేదు. ఐర్లండు 1987 వరకు నిషేధించింది. నార్వే కూడా కొంతకాలం నిషేధించగా, పక్కనున్న స్వీడన్‌లో ‘నార్వేలో నిషేధించినంతగా నవ్వించే సినిమా’ అని ప్రచారం చేసుకున్నారు.

ఇప్పుడు సినిమా లోపలికి వద్దాం. ఎక్కువమంది ప్రేక్షకులు అభిప్రాయభేదం లేకుండా మెచ్చుకునే భాగాలు మతానికి సంబంధించినవి కావు. గోడ మీద తప్పు లాటిన్‌లో నినాదం రాసిన బ్రియాన్‌ను రోమన్ సైనికాధికారి పట్టుకొని, విభక్తులు అడిగి, తప్పు దిద్ది, సరైన వాక్యాన్ని తెల్లవారేలోగా వందసార్లు రాయమని శిక్షిస్తాడు. బడిలో శబ్దమంజరి వల్లె వేసిన తరం వారికి దీన్ని వివరించనవసరం లేదు. అలాగే, రోమన్లను ఎదిరించవలసిన విప్లవ బృందాలు ఒకే లక్ష్యానికి దాదాపు ఒకే పేరుతో విడివిడిగా ఏర్పడి, శత్రువుకంటే ఎక్కువగా ఒకరినొకరు ద్వేషించుకుంటాయి. 1964 తర్వాత కమ్యూనిస్టు పార్టీ ఎన్ని పాయలైందో, ఏ బ్రాకెట్టులో ఏ అక్షరం ఉంటే ఎవరో తెలిసిన మా పట్టణంలో హాలంతా నవ్వింది ఈ దృశ్యానికే. వారిలో ఎర్రజెండా మోసినవారు చాలామంది ఉన్నారు, వారు నొచ్చుకోలేదు. ఎవరు చూస్తే వారికి తమ లోపం కనిపించేటట్టు రాశారు, అందుకే అది గాయం చేయలేదని నా నమ్మకం.

మతాన్ని తాకే మధ్యభాగమే ఈ సినిమాకు గుండెకాయ. అక్కడ పరుగెత్తుతూ బ్రియాన్ తన సొరకాయ బుర్రను ఒకరికి ఇచ్చేస్తాడు, ఒక చెప్పు జారవిడుస్తాడు. వెంటనే జనంలో బుర్రను అనుసరించేవారు, చెప్పును అనుసరించేవారు అని రెండు శాఖలు పుడతాయి. చెప్పును పైకెత్తిపట్టుకోవాలా, తామూ ఒక చెప్పు విడిచేయాలా అని ఆ శాఖలోనే మళ్ళీ చీలిక వస్తుంది. మర్నాడు కిటికీ తెరిచిన బ్రియాన్, మీరెవరినీ అనుసరించనవసరం లేదు, మీలో ప్రతి ఒక్కరూ ప్రత్యేకమైన వ్యక్తే అంటాడు. గుంపంతా ఏకకంఠంతో అవునని బదులిస్తుంది. ఒక్కడు మాత్రం, నేను కాదు అంటాడు. నిజానికి ఆ ఒక్కడే ప్రత్యేకంగా ఆలోచించినవాడు. విశ్వాసులలో ఈ సినిమాను అభిమానించేవారు ఎక్కువగా ఈ దృశ్యాన్నే చెబుతారు. కొత్త నిబంధన పరిశోధకుడు రిచర్డ్ బరిడ్జ్ 2014లో లండన్ కింగ్స్ కాలేజీలో ఈ సినిమా మీద జరిగిన పండితుల సదస్సులో పాల్గొన్నారు. ఆయన స్వయంగా ఆంగ్లికన్ మతాచార్యుడు. ఆ కాలపు పాలస్తీనాలో మెస్సీయనని చెప్పుకున్నవారు, జనం అలా భావించినవారు అనేకమంది ఉన్న మాట నిజం. బైబిల్‌లోని అపొస్తలుల కార్యములు 5వ అధ్యాయంలో గమలీయేలు ప్రస్తావించిన థూదాను, గలిలయుడైన యూదాను మీ తండ్రిగారు తప్పక గుర్తుపడతారు. బ్రియాన్ అలాంటి కాలంలో పుట్టిన కల్పిత పాత్ర.

ఇక్కడ నాస్తిక మిత్రులకు కూడా ఒక మాట చెప్పాలి. ఈ సినిమా క్రైస్తవాన్ని ఖండించిందని సంబరపడే వ్యాఖ్యలు నేను చాలా చదివాను. అవి సినిమాను సరిగా చూడని అభిప్రాయాలు. క్రీస్తు జీవితం చదివిన తర్వాత, ఆయన బోధలో తాము వెక్కిరించదగినది ఏమీ కనబడలేదని రచయితలే చెప్పారు. అందుకే ఆలోచనను బ్రియాన్ మీదికి మళ్ళించారు. వారి గురి గుడ్డిగా వెంటపడే గుంపు మీద, ఆ గుంపును నడిపే అధికారం మీద. మన భాషలో ‘చిత్తశుద్ధి లేని శివపూజ’ అన్న మాటను ఎవరూ శివనింద అనుకోరు, సామెతలా వాడుకుంటారు. అదే కొలత దీనికీ వర్తిస్తుంది.

అయితే మన సంప్రదాయం ఇంకొక కొలత కూడా నేర్పింది, దాన్ని దాచకూడదు. తెలుగులో నిందాస్తుతి ఉంది. గోల్కొండ చెరసాలలో రామదాసు రాముడికి చేయించిన నగల లెక్క చెప్పి, ఎవరి సొమ్మని కులుకుతున్నావని నిలదీశాడు. దాన్ని నేటికీ భజనల్లో పాడుకుంటాం. అది నిందగా వినబడకపోవడానికి కారణం, అన్నవాడు భక్తుడు కావడం. ఇంటివాడు అంటే చనువు, బయటివాడు అంటే అవమానం. పైథాన్ బృందం క్రైస్తవ సమాజంలో పెరిగినవారే గానీ భక్తులుగా మాట్లాడినవారు కారు. కాబట్టి గురి ఎక్కడ ఉన్నదన్నది ఒక్కటే చూస్తే చాలదు, అంటున్నది ఎవరన్నది కూడా ప్రేక్షకుడు సహజంగానే చూస్తాడు. నొచ్చుకున్నవారిని అర్థం చేసుకోలేదని, హాస్యం తెలియదని తీసిపారేసేవారు ఈ సంగతి మరచిపోతున్నారు.

ఇది మనల్ని ముగింపు దగ్గరకు తీసుకువస్తుంది. సిలువ దృశ్యాన్ని సమర్థించేవారు చెప్పే కారణం చారిత్రకంగా సరైనదే. సిలువ రోమన్లకు ఒక్క క్రీస్తు కోసం పుట్టిన శిక్ష కాదు. స్పార్టకస్ తిరుగుబాటును అణచిన తర్వాత క్రీ.పూ. 71లో ఆరువేల మందిని అప్పియన్ మార్గం పొడవునా సిలువ వేశారు. యూదయలోనే హేరోదు రాజు మరణం తర్వాత వారుస్ అనే సేనాని సుమారు రెండువేల మందిని సిలువ వేయించాడని యూదు చరిత్రకారుడు జోసీఫస్ రాశాడు. సినిమాలోనూ సిలువలు వరుసగా ఉంటాయి. ఇదంతా నిజమే. కానీ తెలుగు క్రైస్తవ ప్రేక్షకుడి మనసులో సిలువ ఆ చరిత్ర పాఠంలా ఉండదు. గుడ్ ఫ్రైడే నాడు మధ్యాహ్నం మూడు గంటలు ఉపవాసంతో కూర్చొని, క్రీస్తు సిలువ మీద పలికిన ఏడు మాటల మీద ఒక్కొక్కరూ ప్రసంగిస్తుంటే వినే మనసు అది. ఈ సినిమాకు ఒక్క ఏడాది ముందు, 1978లో, మన దగ్గర ‘కరుణామయుడు’ వచ్చింది. ఊరూరా తెరలు కట్టి ప్రదర్శించిన ఆ సినిమాలో విజయచందర్ మోసిన సిలువే మన రెండు తరాల కళ్ళలో నిలిచిపోయిన సిలువ. ఆ రూపం మనసులో ఉన్నవారి ముందు, సిలువకు కట్టబడినవారు కాళ్ళాడిస్తూ ఈలపాట పాడితే, అది ఏ బ్రియాన్‌దో అని విడదీసి చూడడం ఎవరికైనా కష్టమే. ఇక్కడ సినిమా తన గురిని స్పష్టంగా ఉంచలేకపోయిందని నేను భావిస్తున్నాను. అయినా ఆ దృశ్యం ఉండకూడదని అనను.

మా మొదటి ప్రదర్శనలో ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, సంఘంలో పెద్ద, మొదటి నుంచీ మనసారా నవ్వుతూ చూసి, ఈ పాట దగ్గర లేచి మౌనంగా బయటకు వెళ్ళిపోయారు. చర్చకు మాత్రం తిరిగి వచ్చి కూర్చున్నారు. తన తండ్రి మరణశయ్య మీద ఆ ఏడు మాటలే చదివించుకున్నారని, అందువల్ల తాను ఆ దృశ్యాన్ని చూడలేకపోయానని, మిగిలిన సినిమా అంతా తన సంఘంలో ప్రతి ఒక్కరూ చూడదగినదని అన్నారు. ఈ సినిమా గురించి నేను విన్న అభిప్రాయాలలో అది అన్నిటికంటే నిజాయితీ గలదని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. ఒక దృశ్యం తనను గాయపరిచిందని చెప్పడానికి ఆయన మొత్తం సినిమాను తిట్టలేదు. సినిమా నచ్చిందని చెప్పడానికి తన గాయాన్ని దాచుకోలేదు.

ఆ పాటకు మరొక జీవితం కూడా ఉంది. 1982లో ఫాక్‌లాండ్స్ యుద్ధంలో క్షిపణి దెబ్బతిన్న షెఫీల్డ్ నౌకలోని నావికులు, సాయం కోసం ఎదురుచూస్తూ ఈ పాటే పాడారు. బ్రిటన్‌లో ఇప్పుడు అంత్యక్రియలలో ఎక్కువమంది కోరుకునే పాటలలో ఇదీ ఒకటి. చావు ముందు మనిషి చేయగలిగింది ఏమీ లేనప్పుడు మిగిలేది ఈ పాటి ధైర్యమేనని వారు దాన్ని స్వీకరించారు. నిజానికి సినిమాలో ఆ పాటకు ముందు జరిగేది భయంకరమైన విషాదం. బ్రియాన్ సిలువ మీద ఉండగా విప్లవ బృందం వచ్చి కృతజ్ఞతా తీర్మానం చదివి వెళ్ళిపోతుంది. రక్షించడానికి వచ్చిన ఆత్మాహుతి దళం అక్కడే తమను తాము పొడుచుకొని చస్తుంది. ప్రేమించినది అతని త్యాగాన్ని మెచ్చుకొని వెళ్తుంది, తల్లి తిట్టి వెళ్తుంది. అందరూ అతణ్ణి ఏదో ఒక దానికి వాడుకున్నారు, ఒక్కరూ కిందికి దించలేదు. ఈ వరుసను శ్రద్ధగా చూసినవారికి ఆ పాట ఎగతాళిగా కాక, దిక్కులేనివాడి నిస్సహాయతగా వినబడుతుంది. అలా వినబడకపోతే అది ప్రేక్షకుడి లోపం అని మాత్రం నేను అనను.

చట్టం గురించి కూడా అడిగారు కాబట్టి ఒక్క వాక్యం. మన దేశంలో మతభావాలను గాయపరచడం నేరం కావాలంటే, అది ఉద్దేశపూర్వకంగా, దురుద్దేశంతో చేసినదై ఉండాలని పాత శిక్షాస్మృతిలోని 295ఏ, ఇప్పటి భారతీయ న్యాయ సంహితలోని 299 సెక్షన్లు రెండూ చెబుతున్నాయి. ఒకరికి నొప్పి కలిగినంత మాత్రాన అది నేరమైపోదు.

ఇక మీ ఇంటి సంగతి. మీ తండ్రిగారితో చూడవచ్చనే నా అభిప్రాయం, కానీ ఆయనకు తెలియకుండా, ఆశ్చర్యపరుద్దామని మాత్రం చూపించకండి. కథ ఏమిటో, చివర సిలువ దృశ్యం ఎలా ఉంటుందో ముందే చెప్పండి. కొన్ని క్షణాలు నగ్నత్వం, కొన్ని మోటు మాటలు ఉన్నాయని కూడా చెప్పాలి. రోమన్ పాలకుడు పిలాతు నత్తిని నవ్వించడానికి వాడుకున్న దృశ్యం ఈనాటి వారికి మోటుగా తోచవచ్చు, నాకూ అది నచ్చదు. ఇంగ్లీషు ఉపశీర్షికలు పెట్టుకోండి, ఆ ఉచ్చారణ వేగంలో సగం మాటలు జారిపోతాయి. మొదటి నిమిషం నుంచి చూడండి, ఆలస్యంగా వచ్చేవారి కోసం ఆగి, మళ్ళీ మొదటి నుంచి వేసినా ఫరవాలేదు. కిటికీ దృశ్యం తర్వాత కాసేపు ఆపి, ఆయన ఏమంటారో వినండి. సంఘం నడిపిన అనుభవం ఉన్నవారు గుంపు గురించి మనకు తెలియని సంగతులు చెబుతారు. చివరి దృశ్యం దగ్గర ఆయన లేచి వెళ్ళిపోతే ఆపవద్దు, వెంటనే వెనకే వెళ్ళి సమర్థించవద్దు. కాసేపాగి టీ పెట్టి తీసుకువెళ్ళి, ఆయన మాట్లాడేవరకు పక్కన కూర్చోండి.